బకెట్టు కదిలించొద్దు

మా వీధిలో హేమావతి తాగుతోందని ఒక మాట నడుస్తోంది. మొగుడు పోయి మూడు నెలలు కాలేదు, పట్టపగలే గ్లాసు పట్టుకుంటోందట. పసుపుపచ్చటి మందు పొడుగాటి గాజు గ్లాసులో పోసుకుని, కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకుంటోందట. మిగిలింది మోరీలో పారబోస్తే, ఆ మోరీ పక్కన పడుకునే పంది రెండు రోజులు లేవలేదట.

పంది సంగతి ముందే చెప్పేస్తాను. అది ముసలి పంది. దాన్ని లేచి తిరగ్గా చూసినవాళ్లు మా వీధిలో తక్కువ.

ఇక హేమావతి సంగతి. మాది గుంతకల్లు. పట్టాలకు ఇవతల, రైల్వేలో పనిచేసేవాళ్లు సొంతంగా కట్టుకున్న ఇళ్ల వీధి. హేమావతి ఇల్లు నా ఇంటికి ఎదురు. నా వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటే ఆమె వంటింటి కిటికీ కనబడుతుంది. నేను చదివింది అయిదో తరగతి వరకే. చూసింది చూసినట్టు చెప్పడానికి ఆ చదువు చాలు. ఆ పొడుగాటి గ్లాసు తాగే గ్లాసు కాదు, కొలిచే గ్లాసు. ఆమె ఏం కొలుస్తోందో, ఎందుకు కొలుస్తోందో మొదటి నుంచీ చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు. అందుకని రాస్తున్నాను.

హేమావతి భర్త నాగేశ్వర రైల్వేలో బ్యాటరీల సెక్షన్లో పనిచేసేవాడు. రైలు పెట్టెల కింద పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి. లోపల లైటు వెలగాలన్నా ఫ్యాను తిరగాలన్నా అవే. ఆ బ్యాటరీల్లో యాసిడ్ నీళ్లు ఎంత చిక్కగా ఉన్నాయో చూసి, రిజిస్టరులో రాయడం అతని పని. యాసిడ్ నీళ్లలో సన్నటి గాజుబుడ్డి ఒకటి తేలుతుంది. దాని మెడ మీద అంకెలుంటాయి. నీళ్లు చిక్కగా ఉంటే బుడ్డి పైకి లేస్తుంది, పలచనైతే కిందికి దిగుతుంది. నీళ్ల అంచు ఏ అంకె దగ్గర తాకిందో అది రీడింగు. ఆ బుడ్డి పేరు హైడ్రోమీటరు. ఆ అంకెను వాళ్లు గ్రావిటీ అంటారు. ఇరవై ఆరేళ్లు అతను ఆ అంకెనే చూశాడు.

అది అతని మాటల్లోకి కూడా వచ్చేసింది. మా వీధికి పాలు పోసే రామలక్ష్మమ్మ కనబడితే చాలు, "ఏమ్ రామలక్ష్మక్కా, ఈపొద్దు నీ పాలకు గ్రావిటీ పడిపోయిందే" అనేవాడు. ఆమె క్యాను మీద చెయ్యి పెట్టుకుని, "నా పాలను యాసిడ్ అంటావా, నీ నోట్లో మన్ను పడ" అని తిట్టేది. పొద్దున్నే ఇదొక తంతు. నేను ఆ తిట్లు వినడానికే చెంబు తీసుకుని బయటికి వచ్చేదాన్ని.

రెండేళ్ల కిందట డ్యూటీ మీద బెంగుళూరు పోయినప్పుడు అక్కడ ఒక స్నేహితుడి ఇంట్లో బీరు తయారుచేయడం చూశాడు నాగేశ్వర. తాగుడు మీద అతనికి పెద్ద యావ లేదు. అతన్ని పట్టుకున్నది వేరే. అక్కడా ఒక గాజుబుడ్డి తేలుతోంది, అక్కడా గ్రావిటీ చూస్తున్నారు. వచ్చేటప్పుడు బీరుకు వాడే హైడ్రోమీటరు ఒకటి కొనుక్కుని, ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఇంట్లో ఇట్లా చేయవచ్చునా అంటే, కూడదనే చెప్పాలి. అతను ఎవరికీ చెప్పలేదు. నాకెట్లా తెలిసిందంటే, వంటింట్లోంచి తీపి ఉడుకు వాసన వస్తే పోయి అడిగాను.

దాచిపెట్టకుండా చూపించాడు. బార్లీ గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వాటి సారం తీసిన పాకం ప్యాకెట్లలో వస్తుంది. తేనెలా జిగటగా ఉంటుంది. దాన్ని నీళ్లలో మరిగించి, హాప్స్ అనే చేదు మొగ్గల పొడి వేసి, చల్లారాక మూతున్న బకెట్టులో పోసి, పైన ఈస్ట్ చల్లుతాడు. మూతకు వంకర గొట్టం, గొట్టంలో కాసిని నీళ్లు. ఆ నీళ్లలోంచి బుడుగు బుడుగుమని గాలి పోతుంటుంది. లోపల ఈస్ట్ తీపినంతా తింటూ ఉందని దాని అర్థం. పన్నెండు రోజులకు ఆ చప్పుడు ఆగుతుంది. అప్పుడు సీసాల్లోకి పడతాడు.

"మొదట్లో తీపి ఉంటాది కాబట్టి బుడ్డి పైకి లేస్తాదత్తా. వెయ్యీ నలభై ఆరు. తీపి తినేకొద్దీ దిగుతా వస్తాది. దిగే బ్యాటరీ అనుకో. దిగాల్సిన కాడికి దిగి నిలబడాల. వెయ్యీ పది కాడ నిలబడిందంటే బాగున్నట్టు."

"ఇంకా దిగితే?"

"దిగకూడదు. దిగిందంటే ఏదో తప్పు జరిగినట్టు. ఎండ తగిలుంటాది, లేకపోతే పురుగు పడుంటాది, కొలత తప్పుంటాది."

లెక్కలకు నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి పెట్టుకున్నాడు. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ చివరి అంకె వెయ్యీ పది, వెయ్యీ పదకొండు, వెయ్యీ పది. ఆ పేజీలు నాకు చూపించినప్పుడు, పరీక్షలో నూటికి నూరు వచ్చిన పిల్లవాడి మొహం పెట్టాడు. వయసు యాభై రెండు.

నాలుగోసారి చేసింది ఏప్రిల్ మొదట్లో. వంటింటి పక్కన సామాను గదిలో, గాలి వచ్చే మూల, కింద తడిగోనె పరిచి బకెట్టు పెట్టాడు. నాలుగో రోజు పొద్దున డ్యూటీకి పోతూ గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "హేమా, బకెట్టు కదిలించొద్దు" అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను, విన్నాను. పదకొండు గంటలకు ప్లాట్‌ఫారం మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంటినిండా జనం. ఇంకా రావాల్సిన వాళ్లున్నారు. సామాను గదిలోంచి బుడుగు బుడుగుమని చప్పుడు వస్తోంది, పులిసిన వాసన వస్తోంది. నలుగురూ ముక్కు ఎగబీలుస్తున్నారు. నాకు భయమేసింది. శవం ఇంట్లో ఉండగా ఈ మాట బయటపడితే ఏం బాగుంటుంది? "బకెట్టు వెనకాల రేకుల షెడ్డులో పెట్టిద్దాం మే" అని హేమావతి చెవిలో అన్నాను. ఆమె నా మొహం చూసి "ఊ" అంది. ఏమడిగినా ఆ రోజు "ఊ" అనే అంది. నేనూ రామలక్ష్మమ్మా చెరోపక్క పట్టుకుని తీసుకుపోయి షెడ్డులో పెట్టాం. బకెట్టులో ఏముందో రామలక్ష్మమ్మకు నేను చెప్పలేదు. ఆమెకు ముక్కుంది.

ఏప్రిల్లో రేకుల షెడ్డంటే ఎట్లా ఉంటుందో మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు.

దినాలన్నీ అయ్యాయి. చుట్టాలు ఎక్కడివాళ్లక్కడ పోయారు. వాళ్లకు పిల్లలు లేరు. హేమావతి ఒక్కతే మిగిలింది. ఆమె ఏడవలేదు. నేను కనిపెట్టి చూశాను, ఒక్క రోజు కూడా ఏడవలేదు. పొద్దున లేచేది, ఊడ్చేది, రెండు టిఫిన్ గిన్నెలు కడిగేది, ఒకటి తిరగేసి పక్కన పెట్టేది. స్టేషన్లో మైకు వినబడితే తల కూడా తిప్పేది కాదు. పాలు పొంగి పొయ్యి మీద కారుతుంటే చూస్తూ నిలబడేది. నేను ఇవతల నుంచి అరిస్తే, "ఆ, చూస్తాండానత్తా" అనేది. చూస్తూనే ఉండేది.

బకెట్టు సంగతి నేను మరిచాను. ఆమె మరవలేదు. చప్పుడు ఆగిన రోజు నోటుపుస్తకం తెరిచి, భర్త రాసుకున్నట్టే చేసింది. గాజుబుడ్డి కడిగి, పొడుగు గ్లాసులో బీరు పోసి, వంటింటి కిటికీ దగ్గర పెట్టి చూసింది. వెయ్యీ రెండు. పదిహేను సీసాలకు పట్టి మూతలు బిగించింది. మర్నాడు మళ్లీ చూసింది. వెయ్యీ రెండే. ఆ పై వారం పద్నాలుగు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి మూత తీసి మోరీలో పోసింది. వీధంతా వాసన. ఇదిగో, పంది కథ పుట్టింది అక్కడే.

నేను బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసుకుని గిన్నెతో పోయాను. పోయింది ఉగ్గాణి ఇవ్వడానికి కాదని ఇద్దరికీ తెలుసు.

"ఏం పారబోసినావు మే?"

"ఆయన బీరు."

"ఎందుకు?"

"పాడైపోయినాది. వెయ్యీ రెండుకు దిగిపోయినాది. పది కాడ నిలబడాల." ఆ గొంతులో ఏమీ లేదు. కరెంటు బిల్లు చదివినట్టు చెప్పింది. "షెడ్డులో ఎండకు ఈస్ట్ అంతా తినేసినాది. కదిలించొద్దని చెప్పినాడు కదా. కదిలించినాము."

కదిలించమన్నది నేనే. ఆ మాట ఆమె అనలేదు. అంటే బాగుండేది.

గోడవారన ఒక సీసా మిగిలి ఉంది. "అదెందుకు ఉంచినావు?" అన్నాను. "ఆయన చేసింది ఇంక లేదు కదత్తా" అంది. అదీ అదే గొంతుతో.

అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. బీరువాలో పాకం ప్యాకెట్లు మూడు మిగిలి ఉన్నాయి. వాటితో ఆమె మళ్లీ మొదలుపెట్టింది. ఆమెకు తెలియాల్సింది ఒకటే. భర్త చివరగా చేసిన పనిని తను పాడుచేసిందా లేదా. అదే పాకం, అదే ఈస్ట్, సామాను గదిలో అదే మూల, కింద తడిగోనె. పన్నెండు రోజులు బకెట్టు మీద వేలు కూడా పెట్టదు. పది వస్తే, కదిలించడమే తప్పు. పది రాకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది.

పన్నెండో రోజు నేనూ పోయాను. గ్లాసులో బుడ్డి మునిగి, తేలి, కాసేపు ఊగి నిలబడింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని కన్ను నీళ్ల అంచుకు సమంగా పెట్టి చూసింది. కిటికీలోంచి చూస్తే, గ్లాసు నోటికి ఆనించినట్టే ఉంటుంది. ఆ సమయానికే రామలక్ష్మమ్మ క్యానుతో వీధిలోంచి పోతోంది.

"ఎంత?" అన్నాను.

"వెయ్యీ రెండు."

"కదిలించలేదు కదా! అయితే కదిలించిందాని తప్పు కాదు మే."

"ఏమో. చేతులు నావి కదా. నేను సరిగా కడగలేదేమో. పురుగు పడినా దిగుతాదని రాసినాడు."

రెండో ప్యాకెట్టుకు బకెట్టు, గరిటె, గొట్టం, సీసాలు అన్నీ మరిగే నీళ్లలో ముంచింది. బాలింత ఇంట్లో కూడా అంత శుభ్రం నేను చూడలేదు. చేతులు ఎర్రగా కమిలాయి. వచ్చింది వెయ్యీ మూడు. తను చేసినవన్నీ కొలవగానే మోరీలో పోసేసేది. ఇది మే నెల మధ్యలో.

"నీళ్లేమో" అన్నాను. మా బోరు నీళ్లు కాచితే గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. పళ్లు గారపడతాయి. తలనొప్పి నుంచి కీళ్లనొప్పి దాకా అన్నిటికీ మేం ఆ నీళ్లనే తిడతాం. "ఈతూరి కొనుక్కునే క్యాను నీళ్లతో చేయి."

"ఆయన బోరు నీళ్లతోనే చేసినాడత్తా."

"చేసి చూడు మే. ఊరికే పోయేదేముండాది?"

"ఇదే ఆఖరు ప్యాకెట్టు" అంది. అంది గానీ చేసింది. ఈసారి కొత్తగా ఇంకొకటి కూడా చేసింది. ఈస్ట్ చల్లక ముందే రీడింగు తీసింది. ముందు రెండుసార్లు అది తీయాలని తోచలేదట. వెయ్యీ ముప్పై ఎనిమిది వచ్చింది. భర్త పుస్తకంలో ప్రతిసారీ నలభై ఆరే. పన్నెండు రోజుల తర్వాత చివర్లో మళ్లీ వెయ్యీ రెండు.

జూన్ నెల సగం పోయింది. చినుకు లేదు. హేమావతి గోడకు ఆనుకుని కూర్చుంది. "అయిపోయినాయత్తా ప్యాకెట్లు" అంది. ఫ్యాను తిరుగుతోంది. ఆమె మొహం మీద చెమట కారుతోంది, తుడుచుకోవడం లేదు. వాకిట్లో రామలక్ష్మమ్మ గొంతు, "ఈపొద్దూ పెట్టినట్టుండాదే దుకాణం!"

"నీ పాలు కొలిపించమంటావా, ఈడే గ్లాసు ఉండాది!" అని నేను లోపల్నుంచి అరిచాను. క్యాను చప్పుడు దూరమైంది. హేమావతి నవ్వలేదు. నాగేశ్వర ఉంటే నవ్వేవాడు.

నేను పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. అక్షరాల కంటే అంకెలు నాకు సులువు. ఆయనది ముందు నలభై ఆరు, చివర పది. ఈమెది ముందు ముప్పై ఎనిమిది, చివర రెండు. ముందు ఎనిమిది తక్కువ, చివరా ఎనిమిదే తక్కువ.

నా చిన్నప్పుడు మా ఇంట్లో గింజలు కొలిచే పడి ఒకటి ఉండేది. దాని అడుగు సొట్టపడి లోపలికి లేచింది. దాంతో జొన్నలు కొలిచిస్తే తక్కువ పడేవి, కందులు కొలిచిస్తే అంతే తక్కువ పడేవి. మా నాయన గింజల్ని అనుమానించలేదు. పడిని తిరగేసి చూశాడు.

"హేమా, ఎండ తినిందంటే చివర దిగాల. పురుగు పడినా చివరే దిగాల. ముందే ఎనిమిది ఎట్ల తగ్గె? తప్పు బీరులో లేదు మే. నీ బుడ్డిలో ఉండాది."

ఆమె నా వైపు చూసింది. నెలల తర్వాత ఆ చూపు ఒకచోట నిలవడం చూశాను. లేచి, పుస్తకం మొదటి పేజీ తిప్పింది. "ఉత్త నీళ్లలో వెయ్యి చూపించాలని రాసినాడు" అంది. కొళాయి తిప్పి గ్లాసు నింపి బుడ్డి వేసింది.

"తొమ్మిది వందల తొంభై అయిదు."

"నీళ్లేమో నీళ్లకంటే పలచగా ఉండాయా? సచ్చిన బుడ్డి ఇది. పగిలుంటాది చూడు."

పగల్లేదు. నాకు దాహమేసింది. మూలనున్న కుండలోంచి ముంచుకుని తాగి, ఏం తోచిందో, చెంబులో మిగిలిన నీళ్లు ఆమె చేతికిచ్చాను. "దీంట్లో వేసి చూడు." ఆమె గ్లాసు ఒంచి, కుండ నీళ్లు పోసి, బుడ్డి వేసింది. చాలాసేపు చూసింది.

"తొమ్మిది వందల తొంభై తొమ్మిది అత్తా."

"అవేం నీళ్లు?"

"ఇదే కొళాయివి. పొద్దున పట్టిపెట్టినా."

ఒకే కొళాయి, ఒకే నీళ్లు. నేను కొళాయి కింద చెయ్యి పెట్టాను. మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు, చెయ్యి చురుక్కుమంది. కుండలో చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఇంక చెప్పేదేముంది? వేడి నీళ్లు పలచబడతాయి, బుడ్డి మునుగుతుంది. కానీ ఒక ముడి అట్లాగే ఉండిపోయింది. నాగేశ్వర చేసింది కూడా ఈ ఊరి ఎండలోనే కదా. ఆయనకు పది ఎట్లా వచ్చింది?

మర్నాడు లక్ష్మన్నను పిలిపించాను. నాగేశ్వర పక్కనే పద్దెనిమిదేళ్లు బ్యాటరీలు చూసినవాడు, ఇంకా సర్వీసులో ఉన్నాడు. చావు రోజు తర్వాత ఈ గడప తొక్కలేదు. వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, పుస్తకం చేతికిస్తే పేజీలు తిప్పి, నవ్వబోయి ఆగాడు.

"ఇదేందమ్మా, సెక్షన్ రిజిస్టరు మాదిరి రాసినాడు."

"అన్నా, ఈ సున్నాల్లో ఉండే అంకెలేంది?" అని హేమావతి అడిగింది. ప్రతి రీడింగు పక్కనా సున్నా చుట్టిన చిన్న అంకె ఉంది. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై అయిదు. అవేవో రైలు పెట్టెల నంబర్లనుకుని వదిలేసిందట.

"టెంపరేచరు తల్లీ. మేం చూసిన అంకె చూసినట్టు ఎప్పుడూ రాయం. చూసింది వేరే, రాసేది వేరే. ఇరవై ఏడు డిగ్రీల కాడ ఎంతుంటాదో లెక్కగట్టి అది రాయాల. ఎండాకాలం యాసిడ్ వేడెక్కి పలచనైతాది కదా. పది డిగ్రీలు ఎక్కువుంటే ఏడు కలపాల. నిద్రలో లేపి అడిగినా కలిపి చెప్తాం. వీడు బీరుకీ కలిపినాడు."

లక్ష్మన్న జేబులోంచి పెన్ను తీశాడు. "నీకెంత వచ్చినాదమ్మా?"

"వెయ్యీ రెండు."

"ఆ పొద్దు వేడెంత?"

"చూడలేదన్నా. చూసిన అంకె చూసినట్టే తీసుకున్నా."

"ఏ తారీఖు?"

చెప్పింది. షెడ్డులో పెట్టిన బకెట్టును కొలిచిన రోజు. మధ్యాహ్నం పన్నెండు గంటలు, వంటిల్లు, కిటికీ పక్కన. తారీఖుతో సహా ఆమెకు అన్నీ గుర్తున్నాయి. "మా రిజిస్టరులో ఉంటాది" అన్నాడు లక్ష్మన్న. "నీడలో ఉండే బ్యాటరీ వేడి రోజూ పన్నెండుకే రాస్తాం. నీ వంటింటికీ దానికీ పెద్ద తేడా ఉండదు."

లేవబోతూ, హైడ్రోమీటరు డబ్బా తెరిచి లోపలి కాగితం ముక్క చదివాడు. మొహం మారింది. "ఇదేందిది... ఈ బుడ్డికి ఇరవై డిగ్రీలంట. ఇరవై ఏడు కాదు. బీరుకు కలిపే లెక్క కూడా వేరే ఉంటాది. యాసిడ్ లెక్క దీనికి పనికిరాదు. అంటే, నాగేశ్వర రాసింది కూడా తప్పేనమ్మా. అసలు గ్రావిటీ పది కాదు, ఎనిమిదో, తొమ్మిదో ఉండుంటాది."

"నాకు అసలుది వద్దన్నా" అంది హేమావతి. గొంతు పెంచలేదు. "ఆయన లెక్కలో ఎంతో అది చెప్పు. తప్పయితే తప్పే కానీ. ఆయన తప్పు కలిపి చెప్పు."

లక్ష్మన్న కాగితం మడిచి డబ్బాలో పెట్టాడు. "ఫోన్ చేస్తా తల్లీ" అని పోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. రాకపోతే నాకు అన్నం దిగదు కాబట్టి ఉన్నాను. ఆమె స్పీకరు పెట్టింది.

"చూసినానమ్మా. ఆ పొద్దు ముప్పై ఎనిమిది. ఇరవై ఏడుకు పదకొండు ఎక్కువ. పదకొండుకు దగ్గర దగ్గర ఎనిమిది కలుస్తాది. నీ వెయ్యీ రెండుకు ఎనిమిది కలుపు."

"వెయ్యీ పది" అంది హేమావతి.

"అంతే. వాడు బతికుండి కొలిచినా అదే రాసేవాడు."

"షెడ్డులో పెట్టిందానికే కదన్నా?"

"షెడ్డులో పెట్టిందానికే. ఏమీ కాలేదు తల్లీ దానికి." అవతల ఇంజను కూత వినబడింది. "ఆ పేజీకి పది పేజీల ముందు వాడి చేతిరాత ఉండాదమ్మా. వాడు రాసిన ఆఖరి రీడింగు అదే" అని పెట్టేశాడు.

నాకు ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. రెండు నెలల పైగా ఆ బకెట్టును నేనూ మోస్తున్నాను. "చూస్తివా మే, పాడు కాలేదు, ఏమీ కాలేదు!" అన్నాను. ఇప్పుడైనా ఏడుస్తుందని చూశాను. ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. మోరీ వైపు తలుపు తీసి ఉంది. అటు చూసింది.

"పద్నాలుగు సీసాలు పోసేసినా అత్తా" అంది. ఈపూట పప్పు చేశానత్తా అన్నట్టు అంది. తర్వాత టిఫిన్ గిన్నెలు కడగడానికి లేచింది. రెండూ కడిగింది.

ఇది జరిగి పది రోజులైంది. ఆ పద్నాలుగు సీసాల గురించి నేను మళ్లీ ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను?

మొన్న సోమవారం రామలక్ష్మమ్మ చెంబులో పాలు పోస్తూ నన్ను ఆపింది. "నీ హేమావతి కొలుస్తాది కొలుస్తాది అంటివే. నిన్న చెత్త బండిలో సీసా వేసినాది. ఖాళీ సీసా. మోరీ పొడిగా ఉండాది, నేను చూసినా. మరి లోపలిది యాడికి పోయినట్టు?"

"పోవే, నీకేమి పని లేదా" అన్నాను. ఇన్నాళ్లూ వీధిలో ప్రతి ఒక్కరితోనూ ఆమె తరఫున నేనే వాదించాను. కానీ ఒక్కసారి కూడా ఆమెనే అడగలేదు. అంత కిటికీలోంచి చూసినదాన్ని, అంత దగ్గర కూర్చున్నదాన్ని, ఆ ఒక్క మాట అడగడానికి నాకు నోరు రాలేదు.

పాలచెంబుతోనే రోడ్డు దాటాను. హేమావతి బియ్యం ఏరుతోంది. గోడవారన సీసా లేదు. నేను కూర్చోలేదు.

"మే హేమా, దాచొద్దు. నువ్వు తాగినావా?"

ఆమె చేట పక్కన పెట్టింది.

"తాగినా అత్తా. శనివారం మధ్యాన్నం. సీసా అంతా తాగినా. చేదుగా ఉండాది. బాగనే వచ్చినాది."